కరవు ఏడాది పసివారు.. బడి అన్నం ఇచ్చిన ఎత్తు

ఉమ్మడి రాష్ట్రంలో 3 వేల మంది బాల్యంపై సుదీర్ఘ అధ్యయనం
వానలు లేని ఏట కుంటుపడిన ఎదుగుదల
మధ్యాహ్న భోజనంతో తేరుకున్న వైనం
బడి వయసు రాని పసివారికే అసలు ముప్పు

అనంతపురం: పైరు ఎండితే పొలంలో కనిపిస్తుంది. బావి అడుగంటితే ఊరంతటికీ తెలుస్తుంది. కరవు వల్ల పసిబిడ్డ శరీరంలో ఏర్పడే లోటు మాత్రం వెంటనే ఎవరి కంటా పడదు. బిడ్డ నడుస్తుంది, మాట్లాడుతుంది, తోటి పిల్లలతో ఆడుకుంటుంది. నాలుగైదేళ్ళ తరవాత గోడకు ఆనించి ఎత్తు కొలిచి, అదే వయసు పిల్లలతో పోల్చినప్పుడు గానీ ఆ లోటు ఎంతటిదో తెలియదు. అలా కొలిచే ఓపిక, మళ్ళీ మళ్ళీ వచ్చి అదే బిడ్డను వెదికి పట్టుకునే ఏర్పాటు ప్రభుత్వ శాఖల్లో అరుదు. ఆ పనిని తెలుగు నేలపై రెండు దశాబ్దాలకు పైగా ఒక అధ్యయనం చేసింది. కరవు, మధ్యాహ్న భోజనం, ఉపాధి హామీ పనులు పిల్లల ఒంటిపై ఎలాంటి గుర్తులు మిగిల్చాయో దాని ద్వారా వెల్లడైంది.

దాని పేరు 'యంగ్ లైవ్స్'. బ్రిటన్‌లోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో, ఆ దేశ ప్రభుత్వ నిధులతో ఇథియోపియా, భారత్, పెరూ, వియత్నాం దేశాల్లో దాదాపు 12 వేల మంది పిల్లల జీవితాలను పరిశీలించేందుకు దీనిని చేపట్టారు. భారతదేశం నుంచి ఎంపిక చేసిన రాష్ట్రం నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. హైదరాబాద్‌లోని ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం (సెస్), తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం క్షేత్రస్థాయి పనిలో పాలుపంచుకున్నాయి.

మూడు ప్రాంతాల నుంచి వెనుకబడిన జిల్లా ఒకటి, దానికంటే మెరుగైన జిల్లా ఒకటి చొప్పున తీసుకున్నారు. కోస్తా నుంచి శ్రీకాకుళం, పశ్చిమగోదావరి. రాయలసీమ నుంచి అనంతపురం, కడప. తెలంగాణ నుంచి మహబూబ్‌నగర్, కరీంనగర్ ఎంపికయ్యాయి. వాటికి హైదరాబాద్ నగరాన్ని చేర్చారు. మొత్తం 20 ప్రాంతాల్లో 2001-02లో పుట్టిన పసివారు 2,011 మందిని, 1994-95లో పుట్టి అప్పటికి 8 ఏళ్ళు నిండిన బాలబాలికలు 1,008 మందిని నమోదు చేసుకున్నారు. పేద మండలాలకే ప్రాధాన్యం ఇచ్చినందున ఈ అంకెలను రాష్ట్ర సగటుగా చెప్పరాదు. పేద కుటుంబాల్లో బాల్యం ఎలా గడుస్తుందో తెలుసుకోవడమే దాని లక్ష్యం.

తొలి విడత పరిశీలన 2002లో జరిగింది. 2006-07, 2009, 2013-14, 2016 సంవత్సరాల్లో అవే కుటుంబాల గడప మళ్ళీ తొక్కారు. కరోనా కాలంలో ఫోను ద్వారా పలకరించారు. 2023-24లో ఏడో విడత చేపట్టారు. ఎత్తు, బరువు, ఇంట్లో తిండి, పొలం, అప్పు, అనారోగ్యం, బడి చదువు, తెలుగులో పదజ్ఞానం, లెక్కలు.. ఇలా ప్రతిదీ నమోదైంది. పిల్లలు ఊళ్ళు మారినా, వలస వెళ్ళినా వెదుక్కుంటూ వెళ్ళడం వల్ల పన్నెండేళ్ళ తరవాత కూడా తొలి జాబితాలోని నూటికి 90 మందికి పైగా అందుబాటులో ఉన్నారు. వివరాలు బయటకు పొక్కకుండా నివేదికల్లో పిల్లల పేర్లనే గాక గ్రామాల అసలు పేర్లను సైతం మార్చి రాశారు. కాబట్టి తమ ఊరు ఇందులో ఉన్నదో లేదో చాలామంది పాఠకులకు ఎన్నటికీ తెలియకపోవచ్చు.

కరవును కొలవడం ఈ పరిశోధకుల ఉద్దేశం కాదు. అయితే వారు గ్రామాల్లో అడుగుపెట్టిన 2002లోనే నైరుతి రుతుపవనాలు మొహం చాటేశాయి. దేశం మొత్తమ్మీద ఆ సీజనులో సాధారణం కంటే 19 శాతం తక్కువ వర్షం కురిసింది. వేరుశనగనే నమ్ముకున్న అనంతపురం, వలసలకు పేరుపడ్డ మహబూబ్‌నగర్ రైతులకు అది మరపురాని ఏడు. ఆ తరవాతి సంవత్సరాల్లోనూ అనేక మండలాలు తెప్పరిల్లలేదు. ఫలితంగా తొలి విడతకు, రెండో విడతకు నడుమ కరవు చూసిన కుటుంబాలు, చూడని కుటుంబాలు ఒకే జాబితాలో చేరాయి. ఆ పోలికే తరవాతి పరిశోధనలకు ఆధారమైంది.

ఎత్తే ఎందుకు?

బరువు తగ్గితే నెలల్లో తిరిగి రావచ్చు. ఎత్తు అలా కాదు. తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి రెండేళ్ళు నిండేవరకు సుమారు వెయ్యి రోజుల్లో శరీరం అతివేగంగా పెరుగుతుంది. ఆ సమయంలో తగిన తిండి అందకపోయినా, విరేచనాల వంటి జబ్బులు పదేపదే సోకినా ఎముకల పెరుగుదల నెమ్మదిస్తుంది. రైతులకు ఇది కొత్త సంగతి కాదు. వేరుశనగ ఊడలు దిగే దశలో పదును లేకపోతే, తరవాత ఎంత వాన కురిసినా కాయ నిండదు. పైరు గిడసబారిందంటారు. పిల్లల విషయంలోనూ అదే మాట వాడతారు.

దీనికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రమాణాలు ప్రకటించింది. వాటి ప్రకారం అయిదేళ్ళు నిండిన ఆడపిల్ల సగటున 109.4 సెంటీమీటర్ల ఎత్తుండాలి. 99.9 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే గిడసబారినట్లు లెక్క. రెండింటి మధ్య తేడా జానెడు కూడా లేదు. కానీ ఆ తేడా వెనుక జబ్బులకు లొంగే స్వభావం, తరగతిలో వెనుకబాటు, పెద్దయ్యాక తక్కువ కూలి గిట్టే ప్రమాదం పొంచి ఉన్నాయని దశాబ్దాల వైద్య పరిశోధన చెబుతోంది. గిడసబారిన బిడ్డ చూడటానికి జబ్బుపడినట్లు ఉండదు. వయసు ఒక ఏడాది తక్కువ ఉన్నట్లు కనిపిస్తుందంతే. ఊళ్ళో సగం మంది పిల్లలు అలాగే ఉంటే అదే సహజమని తల్లిదండ్రులు అనుకోవడంలో వింత లేదు.

రెండేళ్ళు దాటిన తరవాత ఇక చేసేదేమీ లేదన్న అభిప్రాయం చాలాకాలం బలంగా ఉండేది. యంగ్ లైవ్స్ అంకెలు దానిని కొంత సడలించాయి. నాలుగు దేశాల పిల్లల వివరాలను పరిశీలించి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనం, పసితనంలో వెనుకబడి ఆ తరవాత ఎత్తు అందుకున్న పిల్లలు ఎనిమిదేళ్ళ వయసులో చదువు పరీక్షల్లోనూ మెరుగ్గా ఉన్నారని తేల్చింది. అందరూ అందుకోలేదు. అందుకోవడం అసాధ్యం కాదన్నదే ఇక్కడి ముఖ్యాంశం.

సుప్రీంకోర్టు ఆదేశం.. డ్వాక్రా మహిళల వంట

మధ్యాహ్న భోజనం మన బడుల్లోకి వచ్చిన తీరు తెలిస్తే గానీ తరవాతి లెక్క అర్థం కాదు. తమిళనాడులో కామరాజ్ కాలం నుంచే బడిలో అన్నం పెట్టారు. ఎం.జి.రామచంద్రన్ 1982లో దానిని విస్తరించారు. కేంద్రం 1995 ఆగస్టు 15న జాతీయ పథకం ప్రారంభించినా, చాలా రాష్ట్రాల్లో మాదిరే ఇక్కడ కూడా వండిన అన్నం బదులు హాజరును బట్టి నెలకు 3 కిలోల ధాన్యం ఇచ్చి సరిపెట్టారు. ఇంటికి చేరిన బియ్యం బడికి వెళ్ళే బిడ్డ కంచంలోనే పడుతుందన్న భరోసా ఏముంటుంది?

2001లో గోదాముల్లో ధాన్యం పేరుకుపోయి ఉండగా రాజస్థాన్‌లో కరవుతో జనం అలమటించారు. పౌరహక్కుల ప్రజాసంఘం (పీయూసీఎల్) సుప్రీంకోర్టును ఆశ్రయించింది. ఆ ఏడాది నవంబరు 28న న్యాయస్థానం స్పష్టమైన ఆదేశం ఇచ్చింది. ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలల్లో ప్రతి విద్యార్థికీ కనీసం 300 కెలోరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు గల వండిన భోజనాన్ని ఏడాదికి కనీసం 200 రోజులు పెట్టాలన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో వండిన భోజనం మొదలైంది. వంట బాధ్యతను ఎక్కువచోట్ల డ్వాక్రా మహిళలకు అప్పగించారు. వంటగది లేదు, గ్యాస్ లేదు, మూడు రాళ్ళ పొయ్యి మీద చెట్టు కింద వంట. బిల్లులు నెలల తరబడి రాక అప్పు చేసి పప్పు, నూనె తెచ్చిన సందర్భాలు నాటి జిల్లా పేజీల్లో నిత్య వార్తలే. నీళ్ళ సాంబారు, పురుగుల బియ్యం అంటూ విమర్శలు వెల్లువెత్తాయి. అవన్నీ నిజమే. అయినా ఆ నీళ్ళ సాంబారన్నమే ఏదో మేలు చేసిందని తరవాతి పరిశోధనలో తేలడం గమనార్హం.

ఒకే ఊరు, ఒకే కరవు, ఇద్దరు పిల్లలు

మధ్యాహ్న భోజనం తిన్న పిల్లల ఎత్తును, తినని పిల్లల ఎత్తును పోల్చితే సరిపోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. సరిపోదు. అయిదేళ్ళకే బిడ్డను బడికి పంపే కుటుంబానికీ, పంపని కుటుంబానికీ మధ్య చదువు, ఆదాయం, శ్రద్ధ వంటి తేడాలు ముందే ఉంటాయి. పోనీ సర్కారు బడి పిల్లలను ప్రైవేటు బడి పిల్లలతో పోల్చుదామంటే, సర్కారు బడికి వచ్చేది పేదలే కాబట్టి భోజనం తిన్నవారే పొట్టిగా తేలవచ్చు. అప్పుడు అన్నం పెట్టడమే తప్పన్న తలకిందుల నిర్ధారణకు వస్తాం. ప్రభుత్వ పథకాలపై వెలువడే అనేక లెక్కలు తప్పటడుగు వేసేది ఇక్కడే.

ఆర్థికవేత్తలు అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ ఈ చిక్కును విప్పేందుకు పిల్లల వయసును ఉపయోగించారు. 2007 నాటికి చిన్న జట్టు పిల్లలకు అటూ ఇటుగా అయిదేళ్ళు. ఒకటో తరగతిలో చేర్చుకునే వయసు అదే. ఒకే ఊళ్ళో ఇద్దరు పిల్లలు పుట్టారనుకుందాం. ఇద్దరి తల్లిదండ్రులూ వేరుశనగ వేసి నష్టపోయినవారే. ఒకరు కొన్ని నెలలు ముందు పుట్టినందున జూన్‌లో బడిలో చేరి మధ్యాహ్నం అన్నం తింటున్నారు. రెండో బిడ్డకు వయసు చాలక ఇంటి వద్దే ఉంది. ఈ ఇద్దరి మధ్య తేడా తల్లిదండ్రుల తెలివితేటల వల్ల వచ్చింది కాదు, పుట్టిన నెల వల్ల వచ్చింది. వయసు పెరిగే కొద్దీ ఎత్తు నెమ్మదిగా, క్రమంగా పెరుగుతుంది. బడిలో చేరే అవకాశం మాత్రం అయిదేళ్ళ గీటు వద్ద ఒక్కసారిగా పెరుగుతుంది. ఈ ఒక్కసారిగా పెరిగిన మేరకు పిల్లల ఎత్తు, బరువుల్లో కనిపించే మార్పును భోజనం ఖాతాలో వేయవచ్చునన్నది వారి వాదన.

ఫలితం ఇదీ. 2002 తరవాత కరవు బారిన పడ్డ కుటుంబాల పిల్లలు ఎత్తులోనూ, బరువులోనూ తోటివారి కంటే వెనుకబడ్డారు. వారిలో బడిలో చేరి భోజనం తిన్న పిల్లలు మాత్రం ఆ వెనుకబాటు నుంచి గణనీయంగా తేరుకున్నారు. పెద్ద మేలు కనిపించింది కరవు చూసిన కుటుంబాల పిల్లల్లోనే. ఇంట్లో తిండికి లోటు లేని బిడ్డకు బడి అన్నం అదనపు పూట. కరవు ఇంటి బిడ్డకు కొన్ని రోజుల్లో అదే ప్రధానమైన పూట. 2014లో ప్రచురితమైన ఈ పరిశోధన పథకాన్ని భద్రతా వలయంగా అభివర్ణించింది.

కెలోరీల లెక్క చూసినా ఇది నమ్మదగిందే. ప్రాథమిక తరగతుల విద్యార్థికి ఇప్పుడు నిర్దేశించిన ప్రమాణం 100 గ్రాముల బియ్యం, 450 కెలోరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు. అయిదారేళ్ళ బిడ్డకు రోజుకు కావలసిన శక్తిలో అది మూడో వంతుకు దగ్గరగా ఉంటుంది.

ఉపాధి పనులు చేసిందేమిటి?

కరవు తట్టుకునేందుకు వచ్చిన మరో పథకం పునాది పడింది ఈ జిల్లాలోనే. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని నాటి ప్రధాని మన్మోహన్‌సింగ్ 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించారు. పథకం జిల్లాలకు విడతలవారీగా విస్తరించడంతో ముందు అందిన మండలాలను, ఆలస్యంగా అందిన మండలాలను పోల్చే వీలు కలిగింది. అపరాజితా దాస్‌గుప్తా అనే ఆర్థికవేత్త ఈ తేడాను, మండలాలవారీ కరవు ప్రకటనలను, యంగ్ లైవ్స్ పిల్లల ఎత్తు వివరాలను జోడించి పరిశీలించారు.

ఆమె నిర్ధారణ రెండు ముక్కల్లో ఉంది. ఉపాధి పనులు అందుబాటులో ఉన్నచోట తాజా కరవు పిల్లలపై చూపే దెబ్బ తగ్గింది. ఎన్నడో పసితనంలో తగిలిన పాత దెబ్బను మాత్రం ఆ కూలి డబ్బు పూడ్చలేకపోయింది. వాన తప్పిన ఏడాదే పని దొరికి, కూలి సకాలంలో చేతికందితే బిడ్డకు మేలు. మూడేళ్ళ తరవాత అందిన డబ్బుతో ఇంటికి రేకులు వేసుకోవచ్చు, గేదెను కొనవచ్చు. బిడ్డ కోల్పోయిన సెంటీమీటర్లు కొనలేరు. కూలి చెల్లింపుల్లో వారాల ఆలస్యం కేవలం కార్యాలయ వ్యవహారం కాదని ఈ అధ్యయనం చదివిన వారెవరైనా అంగీకరిస్తారు.

ప్రైవేటు బస్సెక్కితే అన్నం లేదు

యంగ్ లైవ్స్ అంకెల్లో మరొకటి అంతగా చర్చకు రాలేదు. 2002లో ఎనిమిదేళ్ళ పిల్లల్లో 24 శాతం ప్రైవేటు బడుల్లో ఉండగా, 2009లో అదే వయసు పిల్లల్లో ఆ సంఖ్య 44 శాతానికి చేరింది. ఏడేళ్ళలో ఇంత మార్పు! ఇంగ్లీషు మాధ్యమం కోసం పేద కుటుంబాలు సైతం పసుపు రంగు బస్సును ఎంచుకున్నాయి. మధ్యాహ్న భోజనం ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకే పరిమితం. అంటే ఫీజు కోసం అప్పు చేసిన తల్లిదండ్రులు, ఆ అప్పుతోపాటు బిడ్డకు ఏటా 200కు పైగా దక్కే భోజనాలనూ వదులుకున్నారు. చదువు బాగుంటుందన్న ఆశను తప్పుపట్టలేం. కానీ కరవు ఏట ఫీజు కట్టే ఇంట్లో ముందు కోత పడేది పాలు, గుడ్లు, పప్పులపైనే. మధ్యాహ్నం డబ్బాలో ఉన్నది పచ్చడన్నమే అయితే ఆ సంగతి ఏ రిజిస్టరుకూ ఎక్కదు.

వలయం బయట మిగిలిన వారు

బడి అన్నం గొప్పదే గానీ అయిదేళ్ళు నిండిన తరవాతే అందుతుంది. ఎదుగుదలకు అసలు దెబ్బ తగిలేది అంతకు చాలా ముందు. కరవు ఏట గర్భిణిగా ఉన్న కూలీ, ఆ ఏడాది పాలు తాగే బిడ్డ, అన్నప్రాశన అయి ఇంకా నడక రాని బిడ్డ.. వీరి బాధ్యత అంగన్‌వాడీ కేంద్రాలది. సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2 నుంచి అమలులో ఉంది. మూడేళ్ళు దాటిన పిల్లలు కేంద్రానికి వచ్చి తింటారు. అంతకంటే చిన్నవారికి బాలామృతం వంటి పొడి పొట్లాలు ఇంటికి ఇస్తారు. ఇక్కడే 1995 నాటి 3 కిలోల బియ్యం కథ పునరావృతమవుతుంది. ఇంటికి చేరిన పొట్లం పసిబిడ్డ ఒక్కతికే మిగలదు. అక్కకూ, అన్నకూ పంచుతారు. ఏ తల్లి మాత్రం ఒక బిడ్డకు పెట్టి మరో బిడ్డ చేయి వెనక్కి నెడుతుంది?

గర్భిణులు, బాలింతల విషయంలో ఈ లోపాన్ని ఉమ్మడి రాష్ట్రం ముందే గుర్తించింది. 2013లో అమృతహస్తం పేరిట కేంద్రంలోనే ఒక పూట పూర్తి భోజనం పెట్టే విధానం ప్రారంభమైంది. తెలంగాణలో 2015 జనవరి 1 నుంచి ఆరోగ్యలక్ష్మి పేరిట అన్నం, పప్పు, కూరతోపాటు గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు అందించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో సంపూర్ణ పోషణ పేరుతో పథకాన్ని మార్చారు. పేర్లు మారినా ఆలోచన మంచిదే. అయితే కరవు ముదిరితే గర్భిణి అయినా సరే బెంగళూరుకో, హైదరాబాద్‌కో భర్తతో వలస వెళ్తుంది. ఊళ్ళో కేంద్రం తెరిచే ఉంటుంది, ఆమె పేరు రిజిస్టరులోనే ఉంటుంది, ఆమె మాత్రం ఉండదు. అత్యవసరమైన ఏడాదే భోజనం ఆమెకు అందకుండా పోతుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలు ఈ బలహీనతకు అద్దం పడుతున్నాయి. 2005-06లో ఉమ్మడి రాష్ట్రంలో అయిదేళ్ళలోపు పిల్లల్లో 42.7 శాతం గిడసబారి ఉన్నారు. 2015-16 నాటికి అది ఆంధ్రప్రదేశ్‌లో 31.4 శాతానికి, తెలంగాణలో 28 శాతానికి దిగివచ్చింది. తరవాత ఆ జోరు ఆగిపోయింది. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్ 31.2 శాతం వద్దనే నిలిచింది. తెలంగాణలో 33.1 శాతానికి పెరిగింది.

దీనికి ఇంకొక మూలం పెళ్ళి వయసులో ఉంది. యంగ్ లైవ్స్ పెద్ద జట్టు ఆడపిల్లల్లో దాదాపు 28 శాతం మందికి 18 ఏళ్ళు నిండకముందే పెళ్ళయింది. తాను ఎదగడం పూర్తికాని తల్లికి తక్కువ బరువుతో బిడ్డ పుట్టడం, ఆ బిడ్డ గిడసబారడం వైద్యులు నిత్యం చూసేదే. మరోవైపు, బడి భోజనం తరాలు దాటి మేలు చేయగలదన్న ఆధారం 2021లో లభించింది. వాషింగ్టన్‌లోని అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ నిపుణులు దేశవ్యాప్త సర్వేలను పరిశీలించి, బాల్యంలో మధ్యాహ్న భోజనం అమలైన ప్రాంతాల్లో చదివిన మహిళలకు పుట్టిన పిల్లలు ఎత్తులో మెరుగ్గా ఉన్నారని వెల్లడించారు. భోజనం ఆడపిల్లను బడిలో మరికొన్నేళ్ళు నిలిపింది, పెళ్ళి, కాన్పు కొంత ఆలస్యమయ్యాయి.

సెలవుల్లో ఆకలికి సెలవు లేదు

కరవు పరాకాష్ఠకు చేరేది ఏప్రిల్, మే నెలల్లో. బడులు మూతపడేదీ అప్పుడే. ఈ వైరుధ్యాన్ని సుప్రీంకోర్టు గుర్తించింది. కరవు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ భోజనం పెట్టాలని 2004 ఏప్రిల్‌లో ఆదేశించింది. స్వరాజ్ అభియాన్ వ్యాజ్యంలో 2016 మేలో మరోసారి అదే చెబుతూ, గుడ్డో, పాలో వారానికి అయిదు రోజులు, కనీసం మూడు రోజులైనా ఇవ్వాలన్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆ వ్యాజ్యంలో ఉన్న రాష్ట్రాలే. వేసవి భోజనానికి పిల్లల హాజరు అంతంతమాత్రమేనని అధికారులు చెప్పేవారు. మండుటెండలో అన్నం కోసమే బడికి నడిచి రావడం ఆత్మగౌరవానికి సంబంధించిన విషయం కూడా. గ్రామంలోనే, నీడపట్టున, సాయంత్రం వేళ పెడితే ఎలా ఉంటుందో ఆలోచించిన దాఖలాలు తక్కువ.

ఇక పథకం విషయానికొస్తే 2021లో పీఎం పోషణ్‌గా పేరు మారింది. ప్రభుత్వ బడుల్లోని పూర్వ ప్రాథమిక తరగతి పిల్లలకూ వర్తింపజేశారు. అయిదేళ్ళ గీటు కొంత కిందికి జరిగినందున ఇది పేరు మార్పు కంటే ముఖ్యమైన నిర్ణయం. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో గోరుముద్ద పేరిట గుడ్లు, చిక్కీలు చేర్చారు. 2023లో రాగిజావ తోడైంది. 2024లో పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఆకలిగొన్న ప్రతి బాటసారికీ అన్నం పెట్టి గోదావరి సీమలో అపర అన్నపూర్ణగా పేరొందిన మహిళ ఆమె. 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కళాశాలలకూ భోజనాన్ని విస్తరించారు.

వంట ఖర్చు మాత్రం ఎప్పటిలాగే సన్నని దారం మీద నడుస్తోంది. కేంద్ర ప్రమాణం ప్రకారం ప్రాథమిక విద్యార్థికి పప్పు, కూరగాయలు, నూనె, గ్యాస్ అన్నీ కలిపి పూటకు ఇచ్చింది 2024 డిసెంబరు నుంచి 6.19 రూపాయలు, 2025 మే నుంచి 6.78 రూపాయలు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 10.17 రూపాయలు. వంట చేసే మహిళకు కేంద్రం 2009లో నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు వెయ్యి రూపాయలు. రాష్ట్రాలు తమ నిధులు కలిపి కొంత పెంచాయి. కరవు ఏట కందిపప్పు, కూరగాయల ధరలు మండిపోతాయి. ఇంట్లో తిండి తగ్గే సంవత్సరమే బడిలోనూ పప్పు పలచబడుతుందన్నమాట. భద్రతా వలయం గట్టిగా ఉండవలసిన ఏడాదే వదులుగా మారకుండా ఉండాలంటే, కరవు మండలాలకు పూట ఖర్చును ఆ ఏటి ధరలను బట్టి పెంచడం కష్టమైన పనేమీ కాదు.

కరవు మండలాల జాబితా వెలువడగానే పెట్టుబడి రాయితీ, పశుగ్రాసం, రుణాల వాయిదా చర్చకు వస్తాయి. పసిపిల్లల బరువు చర్చకు రావడం అరుదు. ఆ వివరాలు లేక కాదు. అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రతి నెలా పిల్లల ఎత్తు, బరువు కొలిచి 2021 నుంచి పోషణ్ ట్రాకర్ యాప్‌లో నమోదు చేస్తున్నారు. వర్షపాతం అంకెలు మండల కార్యాలయంలో ఉంటాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ గ్రామంలో ఏ బిడ్డ జారిపోతోందో రెండు, మూడు నెలల్లోనే పసిగట్టవచ్చు. పరిశోధకులు నాలుగైదేళ్ళకు ఒకసారి వచ్చి తేల్చిన సంగతిని అంగన్‌వాడీ టీచరు ఆ సీజనులోనే చెప్పగలదు.

2002లో పొడవు కొలిచే బల్లపై పడుకోబెట్టిన పసివారికి ఇప్పుడు 23, 24 ఏళ్ళు దాటాయి. కొందరు డిగ్రీలు పూర్తి చేశారు, కొందరు చిన్నప్పుడే చదువు మాని పనుల్లో చేరారు. పెద్ద జట్టువారు ముప్ఫై దాటారు. వారిలో అనేకులు తల్లులు, తండ్రులయ్యారు. వారి బిడ్డల ఎత్తు, బరువులనూ పరిశోధకులు నమోదు చేశారు.